వార్తలు చదువుతున్నది జోలెపాళెం మంగమ్మ: విన్నవారు, తెలిసినవారు దయచేసి రాయగలరు

గంటస్తంభం వీధి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. విజయనగరంలోని మా వీధి గ్రంథాలయంలో నెలకొక ఆదివారం సాయంత్రం ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని ఒక తెలుగు మహిళ జీవితం గురించి మాట్లాడుకుంటున్నాము. వచ్చే నెలకు ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ డాక్టర్ జోలెపాళెం మంగమ్మగారిని ఎంచుకున్నాము. ఆ సంగతి చెప్పగానే తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి లేచి, "ఎవరో రాసిచ్చిన వార్తను చదివినందుకు గొప్పేమిటండీ? మేమూ రోజూ బడిలో ప్రార్థన అయ్యాక పేపరు చూసి చదువుతున్నాం కదా" అని అడిగింది. ఆ పిల్ల పొగరుగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "మొదటిసారి చదివారమ్మా, అందుకని గొప్ప" అని సర్దిచెప్పాను గానీ, ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే చాలలేదు. మొదటివారు కావడం ఒక తేదీకి సంబంధించిన సంగతి. ఆ పనిలో ఏముంది, ఆమె ఏం చేశారు అన్నది ఆ పిల్లకు చెప్పాలి. ఈ వేదికలో రేడియోతో పరిచయమున్న పెద్దలు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

బొబ్బిలి మాస్టారు

అమ్మా, మంచి పని చేస్తున్నారు. నాకు తెలిసినంత రాస్తాను. మంగమ్మగారు 1925లో మదనపల్లెలో పుట్టారు. ఆ ఊరిని చిన్న ఊరనుకోవద్దు. అక్కడ 1915లోనే దివ్యజ్ఞాన సమాజంవారి కళాశాల వెలిసింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలలో బస చేసి, జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి అనువదించింది కూడా అక్కడే.

ఆమె పుట్టేనాటికి మన దేశంలో చెప్పుకోదగ్గ ప్రసార వ్యవస్థే లేదన్న సంగతి పిల్లలకు ముందుగా చెప్పండి. 1927 జూలైలో బొంబాయి కేంద్రం మొదలైంది. 1936లో ఆల్ ఇండియా రేడియో అన్న పేరు వచ్చింది, 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం మొదలై దానితో తెలుగు మాట గాలిలోకి వచ్చింది. 1947 ఆగస్టులో మనకు సంక్రమించినవి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో, ఈ ఆరు కేంద్రాలే. హైదరాబాదులో ఉన్నది నిజాం ప్రభుత్వానిది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. అంటే ఆమె బాల్యమంతా, మొదటి యౌవనమంతా గడిచే కాలంలోనే, ఆమె చేయబోయే ఉద్యోగం ఇంకా తయారవుతూ ఉంది. అమ్మానాన్నలు, మేనత్తలు, పంతుళ్ళు ఎవరూ "నీవు పెద్దయ్యాక ఇది అవుతావు" అని చెప్పే వీలు లేని ఉద్యోగం అది.

ఆకాశవాణి ఢిల్లీ కేంద్రంలో తెలుగు వార్తలు చదివిన తరువాత ఆమె అక్కడితో ఆగలేదు. చరిత్ర పరిశోధనలోకి వెళ్ళి, తెలుగు అచ్చు పుస్తకాల పుట్టుకను గురించి, అందులో యూరోపియన్ పండితుల పాత్రను గురించి శ్రమించి రాశారు. తెలుగు పుస్తకం మొట్టమొదట 1746లో జర్మనీలోని హాలే నగరంలో, బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడి కృషితో అచ్చయింది. అక్కడి నుంచి మొదలుపెట్టి వందేళ్ళకు పైబడిన కథను ఆమె తవ్వి తీశారు. అల్లూరి సీతారామరాజు మీద ఆమె చేసిన పరిశోధన మరొకటి. 2017లో, తొంభై ఏళ్ళు దాటిన వయసులో కన్నుమూశారు.

పలాస శ్రోత

మాస్టారికి నమస్కారాలు. నేను చదువుకున్నవాడిని కాను, జీడిపప్పు వ్యాపారం చేసుకునేవాడిని. నాకు గుర్తున్నది విన్నది మాత్రమే.

మా ఇంట్లో గోడగూట్లో మర్ఫీ రేడియో ఉండేది. పెంకుల మీదుగా కొబ్బరిచెట్టు దాకా ఏరియల్ తీగ కట్టేవాళ్ళం. మీట తిప్పగానే పలికేది కాదు. లోపలి వాల్వులు వేడెక్కి, ముందువైపు ఉన్న పచ్చని కన్ను వెలిగి, ఆ వెలుగు రెండు వైపుల నుంచీ దగ్గరకు వచ్చి కలుసుకుంటే స్టేషను సరిగ్గా దొరికినట్టు లెక్క. ఢిల్లీ గొంతు షార్ట్‌వేవ్ మీద వచ్చేది. ఒక వాక్యం చెవి పక్కన ఉన్నట్టు వినిపించి, తరువాతి వాక్యం ఊరవతలికి వెళ్ళిపోయేది. అప్పుడు మా నాన్న లేచి, మీట మీద వేలు ఆనించి, వార్తలు అయ్యేదాకా అలాగే నిలబడేవాడు.

మా అమ్మ జీడిగింజలు కొడుతూ ఉండేది. మగ గొంతు వస్తే చేతిపని ఆపేది కాదు. ఆడ గొంతు వస్తే మాత్రం కర్ర పక్కన పెట్టి, "ఉండండర్రా, ఆడమనిసి సదువుతంది" అనేది. మా అమ్మకు రాజకీయాలతో పనిలేదు. ఆ మాటలు ఆడమనిషి నోటి వెంట రావడమే ఆమెకు కావలసిన వార్త అని నాకు చాలా ఏళ్ళకు అర్థమయింది. నా ఈడు వచ్చాక విన్న గొంతు మావిళ్ళపల్లి రాజ్యలక్ష్మిగారిది. మంగమ్మగారు వేసిన బాట మీదే ఆ తరువాతి గొంతులు మా ఇంటి దాకా నడిచి వచ్చాయి.

సాలూరు విద్యార్థి

పెద్దలకు నమస్కారం. ఒక సందేహం. శీర్షికలో "వార్తలు చదువుతున్నది జోలెపాళెం మంగమ్మ" అని రాశారు. అంత పెద్దావిడను "చదువుతున్నది" అనడం ఏకవచనం కాదా? "చదువుతున్నవారు" అని ఉండాలి కదా? ఆడవారు కాబట్టి ఆ రోజుల్లో అలా అనేవారా?

చీపురుపల్లి తెలుగు టీచరు

బాబూ, అడిగినందుకు సంతోషం. ఈ మాటను చాలామంది అలాగే అపార్థం చేసుకుంటున్నారు.

ఆ వాక్యంలో "చదువుతున్నది" అనేది క్రియ కాదు. "చదువుతున్న" అనే విశేషణానికి "ది" చేరి నామమైంది. "ఈ ఇల్లు కట్టింది మా తాతగారు" అంటాము. "నిన్న వచ్చింది మీ నాన్నగారేనా?" అంటాము. అక్కడ తాతగారికీ నాన్నగారికీ అమర్యాద జరగలేదు. ఎవరు అన్నది ముందు దాచి, పనిని ముందు చెప్పి, చివర మనిషిని చూపించే పద్ధతి అది. అందుకే కందుకూరి సూర్యనారాయణగారు చదివినా, పన్యాల రంగనాథరావుగారు చదివినా, అద్దంకి మన్నార్‌గారు చదివినా "వార్తలు, చదువుతున్నది" అనే చెప్పి తమ పేరు చెప్పుకునేవారు. సినిమాల్లోకి రాకముందు ఢిల్లీలో వార్తలు చదివిన కొంగర జగ్గయ్యగారిదీ ఆ పీఠమే.

అయితే ఇందులో నాకు ఎంతో ఇష్టమైన విశేషం ఒకటుంది. మన భాషలో "ఆమె చదువుతున్నది" అన్నా అదే రూపం. మగవారి పేరుకు ముందు ఆ మాట వ్యాకరణం వల్ల కుదిరింది. ఆడవారి పేరుకు ముందు వ్యాకరణం వల్లా కుదిరింది, అర్థం వల్లా కుదిరింది. తెలుగు వార్తల ముందు కూర్చున్న తొలి మహిళ కోసం ఆ వాక్యంలో ఒక్క అక్షరమైనా మార్చవలసిన అవసరం కలగలేదు. సంస్కృత వార్తలలో "ప్రవాచకః బలదేవానందసాగరః" అని వినేవాళ్ళం కదా, అక్కడ స్త్రీ కూర్చుంటే "ప్రవాచికా" అని మార్చక తప్పదు. తెలుగు మాత్రం మంగమ్మగారి కోసం ముందే చోటు ఉంచింది.

సాలూరు విద్యార్థి

ధన్యవాదాలు టీచరుగారూ. మా నాన్నమ్మకు ఇది చదివి వినిపించాను.

నాగావళి ఒడ్డు

గ్రంథాలయం అమ్మగారు చెప్పిన ఆ పిల్ల ప్రశ్నకు నేను జవాబు రాయాలనుకుంటున్నాను, ఎందుకంటే అనువాదమే నా బతుకుతెరువు. కొంతకాలం పత్రికలోను, కొంతకాలం రేడియో వార్తలకోసమూ ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో విశ్రాంతిగా ఉన్నాను.

ఆ అమ్మాయి అనుకుంటున్నట్టు ఎవరో తెలుగులో రాసిచ్చిన కాగితం ఢిల్లీలో ఉండేది కాదు. ఆ ఉద్యోగం పేరే "న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్". కేంద్ర వార్తా విభాగం నుంచి ఇంగ్లీషులో వార్తలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. తెలుగు విభాగంలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు వాటిని పంచుకుని, పెన్నుతో చేత్తో తెలుగు చేసేవారు. స్టూడియోలోకి వెళ్ళవలసిన వేళ దగ్గర పడుతున్నా కొత్త ముక్క వస్తూనే ఉండేది. ఒక్కొక్కసారి చదివేవారు ఎర్రదీపం వెలిగాక మైకు ముందు ఉండగానే, చప్పుడు లేకుండా తలుపు తీసి ఆఖరి కాగితం బల్ల మీద పెట్టేవారు. దానిని అంతకుముందు చూడకుండానే, గొంతులో తడబాటు లేకుండా చదవాలి. కాగితాలను గుండుసూదితో గుచ్చకూడదు, పేజీ తిప్పిన చప్పుడు మైకు పట్టేస్తుంది కాబట్టి చదివిన కాగితాన్ని పక్కకు జరపాలి తప్ప తిప్పకూడదు.

ఇక వాక్యం సంగతి. పత్రికలో ఇలా రాస్తే చెల్లుతుంది: "వరద బాధితులను ఆదుకోవడానికి అన్ని చర్యలూ తీసుకుంటున్నామని, నిధులకు కొరత లేదని, ఇళ్ళు కోల్పోయినవారికి వారంలోగా సాయం అందుతుందని ముఖ్యమంత్రి చెప్పారు." చదివేవాడి కన్ను వెనక్కి వెళ్ళగలదు. చెవికి వెనక్కి వెళ్ళే దారి లేదు. మన భాషలో క్రియ చివరన వస్తుంది కాబట్టి, ఆ వాక్యం వింటున్న పలాస శ్రోతగారి నాన్నగారికి, ఈ మాటలన్నీ ఎవరు అంటున్నారో ఆఖరున గానీ తెలియదు. సరిగ్గా అక్కడే షార్ట్‌వేవ్ గొంతు ఊరవతలికి వెళ్ళిపోతే మొత్తం వార్త పోయినట్టే. అందుకని రేడియో తెలుగులో, "ముఖ్యమంత్రి ఇవాళ వరద ప్రాంతాలను చూశారు. బాధితులను ఆదుకుంటామని చెప్పారు. నిధులకు కొరత లేదన్నారు" అని విరవాలి. వినడానికి ఇది చాలా తేలిక. ఇంగ్లీషులో నాలుగు ఉపవాక్యాలు పెనవేసుకుని వచ్చినదానిని నిమిషాల్లో ఇలా విప్పడం, విప్పేటప్పుడు ఎవరు అన్నారో, ఎంత వరకు అన్నారో ఇసుమంత కూడా మార్చకుండా ఉండడం తేలిక కాదు.

అప్పటికి చాలా ఇంగ్లీషు మాటలకు తెలుగులో స్థిరమైన పేర్లు లేవు. పంచవర్ష ప్రణాళిక, అలీన విధానం, భద్రతా మండలి, ద్రవ్యోల్బణం వంటి మాటలు నేడు మనం ఆలోచించకుండా వాడుతున్నామంటే, పత్రికలవారూ రేడియోవారూ రోజూ ఒకదాన్ని వాడి చూసి, ఒకదాన్ని వదిలి, నలుగురికీ అలవాటు చేయడం వల్లనే. గిడుగువారు పుట్టిన పర్వతాలపేట మా ఊరికి దూరం కాదు, గురజాడవారు మీ ఊరివారే. వారు వాడుకభాష కోసం వాదించారు. ఆ వాడుకభాషలో ప్రపంచ వ్యవహారమంతా చెప్పవచ్చునని ప్రతిరోజూ పది నిమిషాల్లో నిరూపించి చూపించినవారిలో మంగమ్మగారి తరం ఉంది. ఆ పిల్లకు ఈ సంగతి చెప్పండి. ఆమె చదివినది చాలావరకు ఆ బల్ల దగ్గర తెలుగైన వార్త, అప్పటికప్పుడు, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా.

గంటస్తంభం వీధి

గురువుగారూ, మీ సమాధానం అచ్చు తీసి పెట్టుకున్నాను. ఆ వరద వార్తను రెండు విధాలా పిల్లలచేత చదివిస్తాను.

పొందూరు ఆడపడుచు

నేను కొన్నేళ్ళు ఒక కేంద్రంలో తాత్కాలిక అనౌన్సర్‌గా పనిచేశాను. కేంద్రం పేరు చెప్పను, ఎందుకంటే ఆ మాట అన్న పెద్దమనిషి ఇప్పుడు లేరు, అక్కడ నాకు పని నేర్పిన మంచివారూ ఉన్నారు.

పాటల కార్యక్రమం, స్త్రీల కార్యక్రమం, పిల్లల కార్యక్రమం నాకు ఇచ్చేవారు. ఒకరోజు వార్తలు చదవవలసినవారు సమయానికి రాలేదు. స్క్రిప్టు సిద్ధంగా ఉంది, నేను పక్క గదిలో ఉన్నాను, నా ఉచ్చారణకు అప్పటికి రెండుసార్లు మెచ్చుకోలు కూడా వచ్చింది. అయినా ఆ పెద్దమనిషి, "ఆడగొంతు చెబితే జనం నమ్మరమ్మా, వార్తకు బరువుండాలి" అని, జలుబుతో గొంతు పోయిన మరొకరిని కూర్చోబెట్టారు. ఆయన మూడుసార్లు దగ్గారు. ఆ రోజు నేను ఇంటికి వచ్చి మా అమ్మ రాట్నం పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. మా అమ్మ సంగతంతా విని, చేతిలో పోగు తెగితే ఎలా అతుకుతుందో అలా అతుకుతూనే, "నీ నోట్లోంచి వచ్చిందే మాటైతే నమ్ముతారు" అంది.

ఇది జరిగింది దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఎన్నో దశాబ్దాల తరువాత. అప్పటికీ ఆ మాట బతికే ఉందంటే, అన్ని భాషల మగవారి మధ్య, ఢిల్లీలో, మంగమ్మగారు మొదటిసారి వార్తల కాగితం పట్టుకున్ననాడు ఆ గదిలో ఎంత ఒత్తిడి ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను. తప్పు దొర్లితే మగవారికి అది వారి తప్పు. ఆమెకు మాత్రం ఆడజాతి మొత్తం తప్పు.

ట్రాన్స్‌మిటర్ మెకానిక్

అమ్మా, మీ అనుభవం చదివి బాధ కలిగింది. "ఆడగొంతుకు బరువు లేదు" అన్న మాట వెనుక ఉన్న యంత్రం సంగతి చెప్పాలని రాస్తున్నాను. విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలయ్యాక మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలకు మీడియంవేవ్ బాగా అందింది. అంతకుముందు దూరపు కేంద్రాలే గతి. ప్రసార యంత్రాల పనిలో నా జీవితం గడిచింది.

మీడియంవేవ్ మీదగానీ షార్ట్‌వేవ్ మీదగానీ సుమారు 5 కిలోహెర్ట్జ్‌ల పైనున్న ధ్వని శ్రోతకు దాదాపుగా అందదు. మాటకు బలమిచ్చే అచ్చులు కింద ఉంటాయి. మాటను ఒకదానినుంచి ఒకటి వేరుచేసే స, శ, ష వంటి ఊష్మాలలోని శక్తి చాలావరకు పైన ఉంటుంది. మగగొంతు శ్రుతి సుమారు 120 హెర్ట్జ్‌ల దగ్గర, ఆడగొంతు సుమారు 200 దగ్గర ఉంటుంది. ఆడవారి ఊష్మాలు కూడా మగవారివాటికన్నా ఇంకాస్త పైకి ఉంటాయి. కాబట్టి పాత మైకులు, పాత సెట్లు, ఆ ఇరుకు బాటలో ఆడగొంతునుంచి ఎక్కువ భాగాన్ని కోసేసేవి. అక్కడ కోత యంత్రానిది, అపవాదు మాత్రం గొంతుది.

లండన్‌లో 1933లో షీలా బోరెట్ అనే ఆవిడను బీబీసీ అనౌన్సర్‌గా తీసుకుంటే, ఫిర్యాదు ఉత్తరాలు వెల్లువలా వచ్చి మూడు నెలలకే ఆపేశారు. అంత పెద్ద సంస్థలోనే అలా జరిగింది.

దీనికి విరుగుడు యంత్రాలు మారేదాకా గొంతుగలవారే వెతుక్కున్నారు. మైకుకు జానెడు దూరం పాటించడం, ఊపిరి వాక్యం మధ్యలో కాక చివర తీసుకోవడం, ల-ళ, న-ణ, శ-స తేడాలను ఒత్తి పలకడం, ఊష్మాలు గుంపుగా వచ్చే మాటను మార్చి మరొక మాట వేసుకోవడం. నాగావళి ఒడ్డుగారు చెప్పిన అనువాదం చేతిలో ఉన్నవారికి ఆ చివరి వెసులుబాటు ఉంటుంది. చదివేవారే రాసుకోవడంలో ఉన్న లాభం అది.

పార్వతీపురం పాఠకుడు

మంగమ్మగారు మన దేశంలోనే వార్తలు చదివిన మొదటి మహిళ అని ఎక్కడో చూశాను. చర్చ మొదట్లో "తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ" అని ఎందుకు కుదించారు?

బొబ్బిలి మాస్టారు

కుదించలేదు బాబూ, ఉన్నది ఉన్నట్టు రాశారు. ఆకాశవాణిలో వార్తలు చదివిన మొదటి మహిళగా చెప్పుకునేది సయీదా బానోగారిని. లక్నోలో కాపురాన్ని వదులుకుని, చిన్నకొడుకును వెంటబెట్టుకుని, 1947 ఆగస్టులో ఢిల్లీ చేరి, 13వ తేదీన ఉర్దూ వార్తలు చదివారు. దేశవిభజన రక్తపాతం నగరమంతా ఉన్న రోజులవి. గాంధీగారి హత్య జరిగిన నాడు ఆమె దుఃఖంతో చదవలేకపోయారు.

అంతకు ముందూ ఒకరున్నారు. ఆమెది ప్రభుత్వ రేడియో కాదు, ప్రభుత్వం మీద తిరగబడిన రేడియో. ఇరవై రెండేళ్ళ ఉషా మెహతా 1942 ఆగస్టు 27న బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియోను ప్రారంభించారు. 42.34 మీటర్ల మీద, ఇల్లు మార్చుకుంటూ, పోలీసుల కళ్ళుగప్పి నడిపి, నవంబరు 12న పట్టుబడి, నాలుగేళ్ళ కఠిన శిక్ష అనుభవించారు.

"మొదటి" అన్న మాటను ఒకరి చేతిలోంచి లాగి మరొకరికి ఇవ్వనక్కరలేదు. తెలుగువారికి మంగమ్మగారు మొదటివారు. తన భాషలో తనకు ముందు నడిచినవారు లేకపోవడమే ఆ పనిలోని కష్టం.

కొత్తవలస

మాస్టారు 1942 అనగానే మా తాతగారు చెప్పిన సంగతి జ్ఞాపకం వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు మావాళ్ళు మూటా ముల్లే సర్దుకుని విజయనగరం వైపు వచ్చేశారు. దారిపొడవునా ఒకరు ఊరంతా పోయిందని, ఒకరు సైన్యం దిగిందని చెప్పుకుంటూ నడిచారట. నమ్మదగిన ఒక్క గొంతు కోసం జనం ఎంత వెతుక్కుంటారో చెప్పడానికి ఆయన ఆ నడకను చెప్పేవారు. "నిజం చెప్పేవాడు మెల్లగా చెబుతాడు" అనేవారు. రేడియో వార్తలలో అరుపు లేకపోవడం ఆయనకు చాలా నచ్చేది.

నెల్లిమర్ల

రేడియో స్త్రీల మాట వచ్చినప్పుడు అక్కయ్యను మరిచిపోతే ఎలా? ఆదివారం బాలానందం కోసం రేడియో చుట్టూ చేరినవాళ్ళం మనమంతా. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారితోపాటు అక్కయ్య కామేశ్వరిగారు, తరువాత తురగా జానకీరాణిగారు పిల్లల గొంతులను మైకు దాకా తెచ్చారు. హైదరాబాదు కేంద్రంలో చిన్నక్కగా రతన్ ప్రసాద్‌గారు, నాటకాలలో శారదా శ్రీనివాసన్‌గారు ఉన్నారు.

గంటస్తంభం వీధి

తప్పకుండా అండీ. అక్కయ్యకు ఒక ఆదివారం మొత్తం విడిగా పెట్టుకుందాము. ఈసారికి వార్తల దగ్గరే ఉంటాము. పిల్లలు మరొకటి కూడా అడుగుతున్నారు: ఆమె టీవీలో ఎందుకు కనిపించలేదు అని.

చీపురుపల్లి తెలుగు టీచరు

ఆమె కాలానికి తెలుగు టీవీ లేదని చెప్పండి. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న దూరదర్శన్ ప్రయోగాత్మకంగా మొదలైంది. అక్కడ తొలి వార్తలు చదివినది ప్రతిమా పురి, ఆమె కూడా మహిళే. హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరులో వచ్చింది. తెలుగు వార్తలు 1983 నవంబరు 14న శాంతిస్వరూప్‌గారితో మొదలయ్యాయి. ఎదురుగా అక్షరాలు చూపించే పరికరం లేక, ఆయన వార్తలను ముందే కంఠస్థం చేసుకుని చెప్పేవారు.

రేడియో మనిషికి ముఖం లేదు. మంగమ్మగారు రైలెక్కి మన విజయనగరం స్టేషనులో దిగినా ఎవరూ గుర్తుపట్టి ఉండేవారు కాదు. నోరు తెరిచి "ఈ బండి ఎప్పుడు బయలుదేరుతుందండీ" అని అడిగితే మాత్రం, బెంచీ మీద కూర్చున్న సగంమంది తలెత్తి చూసి ఉండేవారు. చీర, బొట్టు, వయసు ఏదీ అడ్డుపడకుండా ఒక స్త్రీని ఆమె మాటతో మాత్రమే కొలిచిన కాలం అది. టీవీ వచ్చాక ఆడవారికి అవకాశాలు పెరిగిన మాట నిజమే, కాని ఆ కొలత పోయింది. నాకు అది నష్టమనే అనిపిస్తుంది.

పొందూరు ఆడపడుచు

టీచరుగారూ, ఇందులో మీతో పూర్తిగా ఏకీభవించలేను. మాటతో మాత్రమే కొలిచిన కాలంలోనే నన్ను ఆ కుర్చీలో కూర్చోనివ్వలేదు. ముఖం కనిపించని చోట మనుషులు గొంతులోనే ఆడతనం వెతికి తీసివేశారు.

చీపురుపల్లి తెలుగు టీచరు

మీరన్నది సబబే. నేను శ్రోత వైపునుంచి రాశాను, మీరు మైకు వైపునుంచి రాశారు.

మన్యం బాట

ఆలస్యంగా వచ్చాను. మంగమ్మగారు రేడియో తరువాత చేసిన పనిని పిల్లలకు తక్కువగా చెప్పవద్దని కోరుతున్నాను.

మా కొండల్లో సీతారామరాజు పాట పాడని ఊరు లేదు. చిన్నప్పుడు మా ముత్తాత, రాజుగారు ఒకేరోజు మూడు ఊళ్ళలో కనిపించాడని చెప్పేవాడు. ఆ కథల మీద నాకు ప్రేమ ఉంది, వాటిని తప్పు అనను. కాని 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరుసటి రోజు కృష్ణదేవిపేట, ఆ మరుసటి రోజు రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడి జరిగిందన్న వివరం వేరు. 1924 మే 7న ఆయన ప్రాణం తీశారన్న వివరం వేరు. మూడు రోజుల్లో మూడు ఠాణాలు, ఆ కొండదారుల్లో, నడకన. ఈ లెక్క తెలిశాక మా ముత్తాత కథ చిన్నదయిపోలేదు, ఆ కథ ఎక్కడినుంచి పుట్టిందో తెలిసింది.

మంగమ్మగారు ఆ పోరాటాన్ని ప్రభుత్వ దస్తావేజుల ఆధారంగా పరిశోధించి రాసినవారిలో ముఖ్యులు. రాయలసీమలో పుట్టి, ఢిల్లీలో గొంతు వినిపించి, మా మన్యం సంగతికోసం అంత శ్రమ పడిన మనిషి. పాలకుల కాగితాల్లో మనవాడి పేరు దొంగల జాబితాలో ఉంటుంది. ఆ కాగితాన్నే పట్టుకుని మనవాడి నిజాన్ని పైకి తీయడానికి, ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, ఎంత వరకు నమ్మాలి అని పంక్తి పంక్తికీ అడిగే అలవాటు కావాలి. నాగావళి ఒడ్డుగారు పైన రాసింది చదివాక, ఆ అలవాటు ఆమెకు వార్తల బల్ల దగ్గరే పట్టుబడి ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది.

రేడియోలో చదివినది చదివిన క్షణంలోనే పోయింది. ఆ రోజుల వార్తలను ఎవరు దాచిపెడతారు? చరిత్ర పుస్తకం మాత్రం మా పార్వతీపురం గ్రంథాలయంలో కూడా చేతికి దొరుకుతుంది.

నాగావళి ఒడ్డు

మన్యం బాటగారూ, మీరు నాకన్నా బాగా చెప్పారు. అచ్చు చరిత్ర మీద ఆమెకు మనసు వెళ్ళడం కూడా అందుకేనేమో. గాలిలో కలిసిపోయే మాటను రోజూ తయారుచేసినవారికి, కాగితం మీద నిలిచిన మొదటి తెలుగు అక్షరం ఎక్కడిది అన్న ప్రశ్న పుట్టడం సహజం.

గంటస్తంభం వీధి

నిన్న మా సమావేశం జరిగింది. పదిహేడుమంది పిల్లలు వచ్చారు. మీ అందరి మాటలూ వంతులవారీగా చదివారు. పలాస శ్రోతగారి అమ్మగారి మాట దగ్గర ఒక పిల్ల తన అమ్మమ్మ కూడా అలాగే అంటుందని చెప్పింది.

ప్రశ్న వేసిన అమ్మాయికి నేను జవాబు చెప్పలేదు, పని ఇచ్చాను. ఇంగ్లీషు పత్రికలోని ఒక చిన్న వార్త, పది నిమిషాల గడువు, ఒక పెన్ను. గడియారం ఎదురుగా పెట్టాను. ఐదు నిమిషాలు దాటాక మొదటి కాగితం చింపేసింది. ఏడో నిమిషంలో, నాగావళి ఒడ్డుగారు చెప్పినట్టు, నేను వెళ్ళి కొత్త వాక్యమొకటి రాసిన చీటీ ఆమె పక్కన పెట్టాను. నావైపు చూసిన చూపు మీరు చూడవలసింది. గడువు కాగానే గ్రంథాలయం మైకు ముందు నిలబడి, "వార్తలు, చదువుతున్నది" అని తన పేరు, ఇంటిపేరుతో సహా చెప్పి చదివింది. చదవడం అయ్యాక చెయ్యి వణుకుతోందని నాకు చూపించింది.

ఆమె రాసినది ఇది, మార్చకుండా పెడుతున్నాను. గురువుగారు చూసిపెట్టాలని ఆమె కోరిక.

"జిల్లాలో కొత్త వంతెన పనులు పూర్తయ్యాయి. ఈ వంతెన మంత్రిచే రేపు ప్రారంభించబడుతుంది. దీనివల్ల ఐదు గ్రామాల ప్రజలకు వానాకాలంలో దారి దొరుకుతుంది."

నాగావళి ఒడ్డు

అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి. మొదటి వాక్యం, మూడో వాక్యం నేనైనా అలాగే రాస్తాను. రెండో వాక్యంలో "మంత్రిచే ప్రారంభించబడుతుంది" అనేది మన నోటి మాట కాదు. "మంత్రి రేపు దీనిని ప్రారంభిస్తారు" అని మార్చి, మరొకసారి పైకి చదివి చూడమనండి. వచ్చే ఆదివారానికి ఇంకొంచెం పొడుగు వార్త నేనే పంపిస్తాను.